షెడ్యూల్డ్: చీటీ మీది పేరు

కాజీపేట జంక్షన్‌లో రైలు ‘షెడ్యూల్డ్’ టైముకు వస్తదంటే ఎవ్వరూ తల దించుకోరు. అదే మాట కాలేజీ దరఖాస్తులో కులం గడి దగ్గర కనబడితే కొందరి గొంతు తగ్గుతది. మరి ఈ తేడా ఎక్కడిది?

లాటిన్‌లో ‘స్కెడులా’ అంటే చిన్న కాగితం ముక్క, మన భాషలో చీటీ. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చి చట్టం చివర అతికించే పట్టికకు పేరైంది. వలస పాలకులు దీన్ని ముందు నేలకు తగిలించిన్రు: 1874 షెడ్యూల్డ్ జిల్లాల చట్టం. మనుషుల వంతు 1935 భారత ప్రభుత్వ చట్టంతో వచ్చింది. 1936లో కులాల జాబితా వెలువడింది.

అంతకుముందటి మాట ‘డిప్రెస్డ్’. అంటే కిందికి నొక్కబడిన. ఆ పేరు కించపరిచేదిగా ఉంది, మార్చమని 1931లోనే రౌండ్ టేబుల్ సమావేశానికిచ్చిన పత్రంలో అంబేద్కర్ అడిగిండు. న్యాయమైన అభ్యంతరమే. కానీ ఒక సంగతి చూడాలె. నొక్కబడినవాడు ఉన్నడంటే నొక్కినవాడూ ఉన్నట్టే. ‘షెడ్యూల్డ్’లో ఆ రెండోవాడు మాయమైండు, జాబితా రాసిన గుమాస్తా ఒక్కడే మిగిలిండు. పగలగొట్టబడిన అనే అర్థమున్న ‘దళిత’ తర్వాత వాణ్ణి మళ్లీ బయటికి గుంజింది. అయినా ఆ చీటీనే అంబేద్కర్ హక్కు పత్రం చేసిండు. 1942లో నాగపూర్‌లో పెట్టిన పార్టీకి షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ అనే పేరు పెట్టిండు.

ఇటు హైదరాబాద్ రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ ఇంగ్లీషు విశేషణం కోసం చూడనే లేదు. ‘ఆది హిందువులు’ అన్నడు, ఈ నేలకు మొదటివాళ్లం అని. 1931 జనాభా లెక్కల్లో నిజాం సర్కారు ఆ పేరే రాసింది. వరంగల్ నిజాం ఏలుబడిలో ఉండె కనుక 1936 జాబితా ఇక్కడ చెల్లలేదు. రాజ్యాంగపు చీటీ మన వాడలకు 1950 ఆగస్టు 10 నాటి ఉత్తర్వుతో చేరింది.

ఆ ఉత్తర్వు మూడో పేరా చదివితే అసలు సంగతి తెలుస్తది. హిందువు కానోడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడట! 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన్రు. క్రైస్తవులను చేర్చలే. హన్మకొండలో బాప్టిస్టు మిషన్ పనిచేసిన జిల్లా ఇది. అన్న సర్టిఫికెట్టు ఎస్సీ, చర్చికి పోయిన తమ్ముడిది బీసీ-సి. వాడ మాత్రం ఒక్కటే, ఊరు ఇద్దర్నీ పిలిచే పేరూ ఒక్కటే.

చీటీ లోపలి వాళ్లంతా సమానమా అని 1994 నుంచి దండోరా అడిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకున్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులైనయి, 15 శాతం కోటా 1, 9, 5గా పంచిన్రు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలోళ్లు ఆ ఒక్క శాతం గ్రూపులో, ఇంకో 14 కులాలతో కలిసి ఉన్నరు.