రాట్నానికి రంపం పళ్ళు

అమెరికాలో మా ఇంటి గరాజ్‌లో ఒక టేబుల్ సా ఉంది. బల్ల మధ్య చీలికలోంచి గుండ్రటి రంపం పైకి వచ్చి తిరుగుతూ ఉంటుంది, మనం చెక్కను దాని మీదికి తోయాలి. చెక్క కాస్త వంకరగా వెళ్ళిందా, రంపం దాన్ని వెనక్కి విసిరి కొడుతుంది. అందుకే పక్కకు జరిగి నిలబడతాను, చివరి జానెడు చేత్తో కాక కర్రతో తోస్తాను. దీన్ని ఆన్ చేసినప్పుడల్లా నాకు తబితా బాబిట్ గుర్తొచ్చేది. ఇప్పుడు కాస్త సిగ్గుతో గుర్తొస్తుంది.

ఆమె కథ నేను చాలా సభల్లో చెప్పాను. 1813లో మసాచుసెట్స్‌లో హార్వర్డ్ అనే ఊరు (విశ్వవిద్యాలయం ఉన్న చోటు కాదు). అక్కడ షేకర్ల మత సమాజంలో నూలు వడికే సోదరి తబిత. ఇద్దరు మగవాళ్ళు పొడవాటి రంపంతో దుంగ కోస్తుంటే చూసింది. రంపం ఒకవైపు లాగితేనే తెగుతోంది, తిరిగి వెళ్ళేటప్పుడు శ్రమంతా వృథా. రేకును గుండ్రంగా కత్తిరించి, అంచున పళ్ళు తీసి, రాట్నం కదురుకు తగిలించి తిప్పింది. పలచటి చెక్క తెగింది. పేటెంటు మాత్రం తీసుకోలేదు, అది తన మతానికి ఒప్పదని.

ఒక సభలో ఒకమ్మాయి లేచి "దీనికి ఆధారం ఏమిటి మేడమ్?" అంది. నా దగ్గర లేదు. ఇంటికొచ్చి వెతికాను.

గుండ్రటి రంపం ప్రస్తావన ఇంగ్లండ్‌లో సామ్యుల్ మిల్లర్ 1777లో తీసుకున్న పేటెంటులోనే ఉంది. తబిత రేకు కత్తిరించిందంటున్న ఏడాదికి 36 ఏళ్ళ ముందు! సౌతాంప్టన్‌లో ఓడల కప్పీలు చేసేవాళ్ళు అప్పటికే అలాంటి రంపాలు వాడుతున్నారు. షేకర్లలోనే మౌంట్ లెబనాన్ సోదరులు 1793లో చేశారన్న మాట కూడా ఉంది. తబిత చేసిందని చెప్పే ఆనాటి షేకర్ రాత మాత్రం కనిపించదు. ఆమె స్వతంత్రంగా కనిపెట్టి ఉండొచ్చు. రాట్నం పక్కన కూర్చున్న మనిషికి ఆ ఆలోచన రావడంలో వింతేమీ లేదు. కానీ "ఉండొచ్చు" అనేదాన్ని నేను ఇన్నాళ్ళూ "చేసింది" అని చెప్పాను.

ఆడవాళ్ళ పని కాగితానికెక్కదు కదా, అదే కదా మన వాదన, అని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. అది నిజమే. మొక్కజొన్న శుభ్రం చేసే పద్ధతి సిబిల్లా మాస్టర్స్ కనిపెడితే, 1715లో పేటెంటు భర్త పేరున వచ్చింది. కానీ షేకర్ల దగ్గర ఈ వాదన అంత సులువుగా నిలబడదు. వాళ్ళు బ్రహ్మచర్యం పాటించేవాళ్ళు, పేరు కాజేయడానికి భర్తలు లేరు. రోజువారీ పనులు పుస్తకాల్లో రాసుకునే అలవాటు వాళ్ళది. పైగా 1796 నుంచి 1821 దాకా ఆ సమాజానికంతటికీ పెద్ద దిక్కు లూసీ రైట్ అనే స్త్రీ. పేటెంటు ముట్టుకోరన్నదీ ఎల్లకాలానికీ నిజం కాదు. వెనక్కి వాల్చుకునే కుర్చీ కాళ్ళ అమరికకు జార్జ్ ఓడానెల్ 1852లో పేటెంటు తీసుకున్నాడు. కాంటర్‌బరీ షేకర్లలో ఎమిలిన్ హార్ట్ అనే సోదరి రూపొందించిన తిరిగే ఓవెన్‌కు 1876లో పేటెంటు వచ్చింది.

ఇక్కడ మన తెలుగు స్త్రీల చరిత్ర రచనే నాకు దారి చూపించింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' కూడా ప్రభుత్వ కాగితాల్లో లేనిదాన్నే వెతికింది. కానీ తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చెప్పింది విని రాసింది. తబిత ఏమీ చెప్పలేదు. ఆమె తరఫున మనం చెబుతున్నాం. కట్టుడు పళ్ళు, మేకుల తయారీ కూడా ఆమె ఖాతాలోనే వేశారు!

అసలు ఆ కథ అల్లికే చూడండి. ఆమె మగవాళ్ళ పనిని దూరం నుంచి చూస్తుంది. ఒక్క ఆలోచన మెరుస్తుంది. ఆ యంత్రాన్ని వాళ్ళకిచ్చేసి, ఏమీ అడక్కుండా రాట్నం దగ్గరికి వెళ్ళిపోతుంది. ఇంత అణకువ ఉన్న మేధావి అందరికీ నచ్చుతుంది. నాకూ నచ్చింది, అదే నన్ను బాధపెడుతోంది.

ఇంట్లో వడ్రంగం చేసేవాళ్ళకు షేకర్ సామాను అంటే ప్రాణం. చెక్కడాలు లేని సన్నటి కాళ్ళు, తేలికైన కుర్చీలు. ఆ కలప పనిని వేనోళ్ళ పొగుడుతారు. చాలా కుర్చీలకు కూర్చునే చోటు రంగు రంగుల పట్టీతో అల్లి ఉంటుంది, ఆ అల్లిక సోదరీమణులది. దాని గురించి ఒక వాక్యం చాలనుకుంటారు.

పందొమ్మిదో శతాబ్దం చివరికి షేకర్లలో మగవాళ్ళు బాగా తగ్గిపోయారు. 1923లో మౌంట్ లెబనాన్ కుర్చీల కర్మాగారం కాలిపోయింది. తర్వాత పనిని మళ్ళీ నిలబెట్టినవాళ్ళలో ముఖ్యురాలు లిలియన్ బార్లో అనే సోదరి. విలియం పెర్కిన్స్‌తో కలిసి వర్క్‌షాపు నడిపింది, కుర్చీలు తయారు చేసింది. కూర్చునే చోటు శారా కాలిన్స్ అల్లేది. పెర్కిన్స్ పోయాక కూడా బార్లో పని ఆపలేదు. 1942లో చనిపోయింది, ఆమెతోనే ఆ కుర్చీల తయారీ దాదాపు ముగిసింది.

ఈమెకు పేరుంది, పని ఉంది, చేసిన కుర్చీలున్నాయి. ఆధారం లేని తబిత గురించి అన్ని సభల్లో మాట్లాడిన నేను బార్లో గురించి ఒక్కచోట కూడా చెప్పలేదు. ఆమె దేన్నీ మొదట కనిపెట్టలేదు మరి. కలప తెప్పించుకుంది, కోసింది, బిగించింది, అమ్మింది, మళ్ళీ కలప తెప్పించుకుంది. మొట్టమొదటి స్త్రీ కోసం వెతికే నా కళ్ళకు ఇరవై ముప్పై ఏళ్ళు పని చేసిన మనిషి ఆనలేదు.

ప్రశ్న అడిగిన అమ్మాయికి ఉత్తరం రాశాను. బార్లో గురించి తెలిసినంతా అందులో పెట్టాను. గరాజ్‌లో ఒక కుర్చీ సగంలో ఉంది. కాళ్ళు అయ్యాయి, అడ్డ కర్రలు కోయాలి. అల్లిక ఇంకా నేర్చుకోలేదు.