అద్దె ఇంటి ఎంపిక - ఎంచుకొనేది ఎవరు? : 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టంపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కోస్తాలో అద్దె, రాయలసీమలో బాడుగ, తెలంగాణలో కిరాయి - మాట ఏదైనా ఇల్లు వెదికేవారు చూసుకొనేవి ఒకటే: నీటి వసతి, గాలి వెలుతురు, పనిచేసే చోటికి దూరం, నెలకు కట్టవలసిన సొమ్ము. ఇల్లు ఎంచుకొనే స్వేచ్ఛ అద్దెకు వచ్చేవారిదే అన్న భావన ఈ లెక్కలన్నింటికీ ఆధారం. ఆ భావన చారిత్రకంగా ఎంతవరకు నిజం? 1960 నాటి అద్దె నియంత్రణ చట్టాన్నీ, అంతకుముందు 1917లో బరోడాలో డా. బి.ఆర్. అంబేద్కర్‌కు ఎదురైన అనుభవాన్నీ పక్కపక్కన ఉంచి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం నేపథ్యం

తెలుగు ప్రాంతాలలో అద్దె నియంత్రణ యుద్ధకాలపు అవసరం నుండి పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో, 1941లో, మద్రాసు ప్రభుత్వం ఇళ్ల అద్దెలపై నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. తరువాత 1946లోను, 1949లోను శాసనాలు వచ్చాయి. 1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మద్రాసు చట్టమే వారసత్వంగా అందింది. హైదరాబాదు రాష్ట్రం 1954లో వేరుగా చట్టం చేసుకొంది. 1956లో రాష్ట్రం ఒకటైన తరువాత ఈ రెండింటి స్థానంలో ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం, 1960 వచ్చింది.

గడప లోపలి రక్షణ

ఈ చట్టం అద్దెదారుకు ఇచ్చిన రక్షణ చిన్నది కాదు. 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలలలో ఆ పేటలో అటువంటి ఇళ్లకు నడచిన అద్దెను సముచిత అద్దె నిర్ణయానికి ఒక ప్రాతిపదికగా తీసుకొంది. అద్దెకు అదనంగా పగిడీ వంటి సొమ్ము కోరడాన్ని నిషేధించింది. బకాయి పడడం, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, యజమానికి నిజమైన సొంత అవసరం కలగడం వంటి నిర్దిష్ట కారణాలు రుజువైతే తప్ప ఖాళీ చేయించరాదన్నది.

ఈ రక్షణకూ పరిమితి ఉండేది. 1957 ఆగస్టు 26న గానీ ఆ తరువాత గానీ కట్టిన భవనాలను 32(బి) సెక్షన్ చట్టం పరిధి నుండి తప్పించింది. ఈ మినహాయింపు సమానత్వ హక్కుకు విరుద్ధమని సుప్రీంకోర్టు మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో కొట్టివేసేవరకు, కొత్తగా వెలసిన కాలనీలలోని అద్దెదారులకు ఈ చట్టం వర్తించలేదు.

అద్దెదారును ఎంచుకొనే విషయంలో యజమాని ఇష్టానికి చట్టం అడ్డుపడిన చోటు ముఖ్యంగా ఒకటుంది. ఇల్లు ఖాళీ అయినప్పుడు 3వ సెక్షన్ ప్రకారం అధికారికి తెలపవలసి ఉండేది. ప్రభుత్వ అవసరానికో, ఉద్యోగి నివాసానికో దానిని తీసుకొనే వీలు అధికారికి ఉండేది. అంటే రాజ్యం తన అవసరం కోసం యజమాని ఎంపికను పక్కన పెట్టగలిగింది. అదే మేలు సామాన్య అన్వేషకుడికి దక్కలేదు. యజమాని ఒకరికి ఇల్లు ఎందుకు నిరాకరించాడని ఈ చట్టం అడగలేదు.

గడప బయటి అనుభవం

ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో చట్టానికి నాలుగు దశాబ్దాల ముందే అంబేద్కర్ జీవితం చూపింది. బరోడా సంస్థాన విద్యార్థివేతనంతో విదేశాలలో చదివిన ఆయన 1917లో అక్కడ ఉద్యోగానికి చేరారు. జీతం ఉంది, హోదా ఉంది, ఉండడానికి చోటు లేదు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అన్న ఆత్మకథనాత్మక రచనలో ఆయనే చెప్పినట్లు, ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో, భోజన వసతులకు రోజుకు రూపాయిన్నర చెల్లిస్తూ తలదాచుకొన్నారు. పదకొండవ రోజున కర్రలతో వచ్చిన గుంపు సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నది. ఆశ్రయమడిగిన ఇద్దరు మిత్రులూ ఇంటి ఇబ్బందులు చెప్పారు. ఆ రాత్రి ఆయన బొంబాయి రైలెక్కారు. వారిది మతం వేరైనా అంటరానితనం పాటింపు వేరు కాలేదు.

స్వాతంత్ర్యానంతరం 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం, ఏ ప్రాంతంలోనైనా నివాసగృహాన్ని పొందడానికీ అందులో ఉండడానికీ అంటరానితనం కారణంగా అడ్డుపడడాన్ని నేరం చేసింది. అయితే నేరం రుజువు చేయడం సులభం కాలేదు. "మీ ఇంటిపేరేమిటి?", "మీరేమిట్లు?" అన్న ప్రశ్నల తరువాత "ఇల్లు ఇంకొకరికి మాటిచ్చేశాం" అన్న జవాబు వస్తే, అందులో కారణం కనబడదు. కనుక 1955 చట్టం గడప దగ్గరికి చేరినా సాక్ష్యం దగ్గర ఆగింది; 1960 చట్టం గడప దాటి లోపలికి వచ్చినవారితోనే మొదలైంది.

ముగింపు

ఖాళీ చేయించడం కష్టమైన కొద్దీ, అద్దెదారును ముందే వడపోయాలన్న జాగ్రత్త యజమానులలో పెరిగి ఉండవచ్చునన్నది ఈ పరిశీలన నుండి తేలే ఊహ. దీనిని నిర్ధారించడానికి కోర్టు తీర్పులు చాలవు. ఇంటిలోకి అడుగుపెట్టనివారి పేరు అద్దె వ్యాజ్యంలో ఉండదు. బదిలీలపై ఊళ్లు మారిన దళిత, ముస్లిం ఉద్యోగుల, అధ్యాపకుల, విద్యార్థుల మౌఖిక కథనాలను సేకరించవలసి ఉంది. ఎంత అద్దెకు ఇల్లు దొరికిందన్న లెక్కతో పాటు, ఎన్ని గడపల నుండి వెనుదిరిగారన్న లెక్క కూడా చేరినప్పుడే తెలుగు పట్టణాల నివాస చరిత్ర సమగ్రమవుతుంది.