కాలు ముందు నుంచి వేసేవాళ్లం

సైకిలు ఎక్కేటప్పుడు ఎవరైనా కాలు వెనక నుంచి తిప్పి వేస్తారు. మా ఇంట్లో మాత్రం ముందు నుంచే. క్యారియరుకు రెండు పక్కలా పాలక్యాన్లు వేలాడుతుంటే వెనక నుంచి తిప్పడానికి జాగా ఎక్కడిది? ఎడమ కాలు పెడల్ మీద పెట్టి, రెండో కాలితో నాలుగడుగులు నెట్టి, బండి కదిలాక మోకాలు ఛాతీ దాకా మడిచి, అడ్డకడ్డీ మీద నుంచి అవతలికి వెయ్యాలి. ధోతి కట్టుకుని, తెల్లవారుజామున నాలుగింటి చీకట్లో, నాయన రోజూ చేసిన పని ఇది.

బుద్వేల్ అప్పుడు ఊరు. బర్రెలు, జొన్నచేలు. పాలు మాత్రం పట్నం తాగేది. ఆరాంఘర్ దగ్గర పెద్ద రోడ్డెక్కి, శివరాంపల్లి దాటి, జూపార్కు పక్క నుంచి బహదూర్‌పురా మీదుగా చార్మినార్ దాకా పోవాలి. జూ 1963లో వచ్చింది. దాని గోడ పక్కన పోతుంటే ఒక్కోనాడు సింహం గర్జించేదని, కాళ్లు వాటంతటవే జోరందుకునేవని నాయన నవ్వేవాడు. ఇరానీ హోటళ్లలో పొయ్యి రాజుకునే వేళకు పాలు చేరాలి. పొద్దెక్కితే పాలు విరుగుతాయి. మా ఊరికి పట్నం ఎంత దూరమంటే, పాలు విరగకముందు సైకిలు పోయేటంత దూరం.

క్యాను మూత బిగించేముందు నాయన పాల మీద వరిగడ్డి చుట్ట ఒకటి వేసేవాడు. గుంతల్లో బండి ఎగిరినా పాలు తొణకవు, చిలికినట్టయి వెన్న తేలదు. తర్వాత హ్యాండిల్ పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపి చూసేవాడు. ఒక పక్క బరువు ఎక్కువుంటే ఆ పక్క క్యాన్లోంచి చెంబెడు తీసి ఇవతలి దాంట్లో పొయ్యాలి. వానాకాలంలో తడిసిన రిమ్ముకు బ్రేకు రబ్బరు పట్టదు. అప్పుడు చెప్పుకాలు ముందు చక్రానికి ఆనించడమే. ఆయన కుడి చెప్పు ఎప్పుడూ ముందు అరిగేది.

ఈ బండి మనం కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో పనికి పోయి వచ్చేవాళ్ల కోసం తయారైన నమూనా ఇది: 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, చైనుకు రేకు డబ్బా. స్వాతంత్ర్యం వచ్చాక అదే అచ్చులో సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. మద్రాసు హెర్క్యులిస్ సరేసరి. సన్నగా ఆఫీసుకు పోయే ఆ బండిని మేం ఎద్దును చేశాం. వెల్డింగు చేయించి క్యారియరు వెడల్పు పెంచాం, క్యాన్లకు కొక్కేలు కొట్టించాం. గడ్డిమోపు, దాణా బస్తా, సుస్తీ చేసిన మనిషి, అన్నీ దాని మీదే. ఎక్కడైనా పాత సైకిలు కనబడితే చువ్వలు లెక్కపెట్టండి: ముందు చక్రానికి 32, వెనక దానికి 40. బరువు ఎక్కడ పడుతుందో చేసినవాడికి ముందే తెలుసు.

సీటు అందని వయసులో నేను ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కైంచీ తొక్కి నేర్చుకున్నాను, అద్దె సైకిలు మీద. నాయన బండి ముట్టుకోనిచ్చేవాడు కాదు. అది పాలది అనేవాడు, మాదని కాదు.

తర్వాత నాకు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల్లో పని దొరికింది. 1964లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయంలో పొద్దున ఫారం దారంతా సైకిలు గంటలే. అటు కాటేదాన్ కార్ఖానాలకు పోయేవాళ్లు టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకుని గుంపులుగా వచ్చేవారు. 1983 ఎన్నికలప్పుడు గోడ గోడకూ సైకిలు బొమ్మే. నాయన ఒకదాని ముందు నిలబడి చూసి, "క్యారియరు వెయ్యలే" అన్నాడు.

మోపెడ్లు వచ్చాయి, పాలు ప్యాకెట్లలోకి పోయాయి. బర్రెలు అమ్మేశాం. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాలు దిగాయి. 2023 ఆగస్టులో ఇదే బుద్వేల్‌లో ప్రభుత్వం వంద ఎకరాలు వేలం వేస్తే రూ. 3,625 కోట్లు వచ్చాయి. ఆ లెక్క విని నాకు ముందు గుర్తొచ్చింది చెంబెడు పాల తేడాకు బండి ఒరగడం.

అదే ఏడు అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. దాని ఒక కొస మా దిక్కునే, పోలీస్ అకాడమీ దగ్గర. పోయి చూశాను. నున్నటి దారి, నీడ, గుంత లేదు. కార్ల వెనక కట్టుకొచ్చిన సైకిళ్లు దించుకుంటున్నారు. ఒక కుర్రవాడు నీళ్లు తాగుతూ తనది గోడకు ఆనించాడు. ఒంగి చువ్వలు లెక్కపెట్టాను. ఏంది తాతా అన్నాడు. ముందూ వెనకా సమానంగానే ఉన్నాయి.