నువ్వు అప్పులేనోనివేనా?

మా ఊర్ల ఏది చేయొద్దో మాకు పుట్టుకతోనే నేర్పిండ్రు. చేదబావి గిరక ముట్టొద్దు. పటేలు వాకిట్ల చెప్పులేసుకొని నడవొద్దు. మేం తప్పు చేసినందుకు కాదు, మాదిగింట్ల పుట్టినందుకు. మా నాయిన రెండు వందల అప్పుకు పటేలుకాడ జీతమున్నడు. అప్పు తీరకముందే ఆయన తల నెరిసింది.

చదువుకునేటప్పుడు ధూళికట్టకు పోయిన. అప్పుడది కరీంనగర్ జిల్లా, 2016 నుంచి పెద్దపల్లి జిల్లా. అక్కడ 1970లలో తవ్వితే బౌద్ధస్తూపం బయటపడ్డది. ఇంకా పైకిపోతే పాత ఆదిలాబాద్ జిల్లా బాదనకుర్తి. బావరి ఆశ్రమం అక్కడే ఉండేదంటరు. గోదావరి ఒడ్డునుండే ఆ బ్రాహ్మణుడు పదహారుమంది శిష్యుల్ని బుద్ధుని దగ్గరికి పంపినట్టు సుత్తనిపాతంలో ఉంది.

మా నేల మీద తిరిగిన భిక్షువుల కట్టుబాట్లేందో తెలుసుకోవాలని వినయపిటకం పట్టుకున్న. పాళీ సంప్రదాయంలో భిక్షువుకు 227 నియమాలు. మైథునం, దొంగతనం, మనిషిని చంపడం, లేని మహిమలు ఉన్నయని చెప్పుకోవడం: ఈ నాలుగు పారాజికాల్లో ఏది చేసినా సంఘంలో చోటు పోతది. దోషం చేసిన పనికే, పుట్టుకకు కాదు. పైగా సాటి భిక్షువును కులం పేరుతో, వృత్తి పేరుతో కించపరిస్తే అదీ దోషమే. మంగలి ఉపాలి శాక్య రాజకుమారులకన్నా ముందు దీక్ష తీసుకున్నడు. బుద్ధుడు పోయినంక మొదటి సంగీతిలో వినయం చెప్పింది ఆయనే.

నా కడుపు నిండింది. కానీ దీక్ష అడిగినోన్ని సంఘం అడిగే ప్రశ్నల దగ్గర ఆగిపోయిన. నువ్వు స్వతంత్రునివేనా? అప్పులేనోనివేనా? రాజభటునివి కాదు గద? మా నాయిన పోతే ఏం చెప్తడు? కులం అడగని గడప అప్పు అడిగింది. ఉపాసకులకు మనుషుల వ్యాపారం వద్దన్నరు నిజమే, ఆ వద్దుకు సంఘం శిక్ష లేదు. అప్పులోనికి మాత్రం తలుపు మూసిండ్రు.

1956 అక్టోబర్ 14న నాగపూర్ల బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలు చేయించిండు. అది సంసారుల దీక్ష. దొంగతనం చేయను, అబద్ధమాడను, తాగను అనే వద్దులు అందులోనూ ఉన్నయి. మనుషులంతా సమానమన్న మాట కూడా ఉంది. అప్పు సంగతి ఎవర్నీ అడగలే. వెట్టిజీతాన్ని రద్దుచేసే చట్టం 1976లో వచ్చింది. అటెన్క కూడా నాయిన రెండేండ్లు పటేలు ఎడ్లు తోలిండు.

ముసలితనంల నాయినకు ఈ ముచ్చట చెప్పిన. చుట్ట ఆర్పి అడిగిండు: "అప్పున్నోన్ని అడిగిండ్రు సరే బిడ్డా, అప్పు రాసుకున్నోన్ని ఏమడిగిండ్రు?"