మరమేకుల వ్యాపారి, మంచినీళ్ల మేయరు

జోసెఫ్ చాంబర్లిన్ అంటే మన చరిత్ర పాఠాల్లో బ్రిటన్ వలసల మంత్రి, బోయర్ యుద్ధకాలపు సామ్రాజ్యవాది. కొందరికి ప్రధాని నెవిల్ చాంబర్లిన్ తండ్రిగా తెలుసు. మున్సిపాలిటీలో జమాఖర్చులు రాసి రిటైరైన నాకు మాత్రం ఆయన బర్మింగ్‌హామ్ మేయరు. 1873 నవంబరు నుంచి 1876 జూన్ దాకా ఆ కుర్చీలో ఆయన చేసిన పనులు ఊరి పాలన తెలిసినవాళ్లంతా చదవదగ్గవి.

చాంబర్లిన్ 1836లో లండన్‌లో, బూట్ల వ్యాపారుల కుటుంబంలో పుట్టారు. మేనత్త భర్త నెటిల్‌ఫోల్డ్‌ది బర్మింగ్‌హామ్‌లో మరమేకుల వ్యాపారం. అందులో తండ్రి పెట్టుబడి పెట్టడంతో, దాన్ని చూసుకోవడానికి పద్దెనిమిదేళ్లకే అక్కడికి చేరారు. అంతవరకు మరమేకు కొన మొద్దుగా ఉండేది. ముందు చెక్కకు బెజ్జం వేస్తే తప్ప దిగేది కాదు. మొనదేలిన మరమేకులు చేసే అమెరికన్ యంత్రం హక్కుల్ని ఈ కంపెనీ కొన్నది. తయారీ నెటిల్‌ఫోల్డ్‌ల వంతు, అమ్మకాలూ లెక్కలూ చాంబర్లిన్ వంతు. ఫ్రాన్సుకు పంపే సరుకు మెట్రిక్ కొలతల్లో ఉండేలా చూశారు. ఆ పోటీకి తట్టుకోలేక చిన్న తయారీదారులు ఎందరో వ్యాపారం మూసుకున్నారన్నదీ దాచకూడని నిజమే. 1874లో తన వాటా అమ్ముకుని పూర్తిగా ఊరి పనిలో పడ్డారు.

1869లో ఆయన కౌన్సిలర్ అయ్యేనాటికి, పన్ను పెంచకపోవడమే పాలన అనుకునేవాళ్లదే అక్కడ పైచేయి. పేదల వాడల్లో మురుగు ఊరిన బావులే దిక్కు. వీధి దీపాలకూ ఇళ్లకూ బొగ్గు గ్యాస్ ఇచ్చేవి రెండు ప్రైవేటు కంపెనీలు. మేయరు కాగానే ఆ రెండింటినీ ఊరి పేరిట కొనేద్దామన్నారు. ధర సుమారు 20 లక్షల పౌండ్లు. అంత అప్పా అని భయపడ్డవాళ్లకు లెక్కలతోనే జవాబు చెప్పారు. మొదటి ఏడాదే 34 వేల పౌండ్ల లాభం వచ్చింది.

ఆ తర్వాత వాటర్ వర్క్స్ కొన్నారు, 13 లక్షల 50 వేల పౌండ్లకు. ఇక్కడ ఆయన పెట్టిన నియమం వేరు. గ్యాస్ మీద లాభం రావాలి, అది ఊరి ఖర్చులకు పోవాలి. నీటి మీద లాభం తీయకూడదు. మిగులుంటే ఆ మేరకు నీటి ధర తగ్గాలి, ఎందుకంటే అది జనం ఆరోగ్యానికి సంబంధించిన సంగతి. లాభం తీయడం బాగా తెలిసిన వ్యాపారే ఎక్కడ తీయకూడదో గీత గీశాడు. ఆయన పాలనలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

మురికివాడలు కొట్టేసి కార్పొరేషన్ స్ట్రీట్ వేసిన పథకాన్ని మాత్రం అంతగా మెచ్చుకోలేను. దానికి ఆధారమైన 1875 నాటి చట్టం పేదల ఇళ్ల కోసం వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో ఆ స్థలాలు 75 ఏళ్ల లీజు మీద దుకాణాలకూ ఆఫీసులకూ వెళ్లాయి. దీర్ఘకాలంలో కౌన్సిల్‌కు రాబడి ఖాయమైంది. ఇళ్లు పోయినవాళ్లు మాత్రం పక్క వాడల ఇరుకులోకి చేరారు. గ్యాస్ విషయంలో పనికొచ్చిన వ్యాపారబుద్ధి గూడు విషయంలో దారి తప్పింది.

1876లో ఆయన పార్లమెంటుకు వెళ్లిపోయారు. ఆయన కొన్న గ్యాస్ మాత్రం ఆ తర్వాతా ఊరికి సంపాదిస్తూనే వచ్చింది. 1885లో తెరిచిన బర్మింగ్‌హామ్ చిత్రశాల భవనం గ్యాస్ కమిటీ డబ్బుతో, దాని ఆఫీసుల పైనే లేచింది.

మన ఊళ్లలో ఏటా మున్సిపల్ బడ్జెట్ కౌన్సిల్ ముందుకు వస్తుంది. దాన్ని ఒకసారి తెప్పించుకుని చదవండి. ఏ పద్దులో రాబడి వెతుకుతున్నారో, ఏ పద్దును లాభం చూడకుండా నడుపుతున్నారో మీ కౌన్సిలర్‌ను అడగండి. నీటి పద్దుతో మొదలుపెట్టండి.