తక్కువ వేడిలో కాలిన మట్టి: లోహ ఆక్సైడ్ల పాత్ర

సుమారు 600 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ మధ్య కాల్చిన మట్టి వస్తువులను తక్కువ వేడి సిరామిక్‌లు అంటారు. కుండ, కూజా, మూకుడు, ప్రమిద, ఇటుక, పెంకు అన్నీ ఈ కోవలోవే. దసరాకు చెన్నై పురసవాక్కం పక్కనున్న కోసపేట కుమ్మరివాడలో దొరికే కాల్చిన మట్టి కొలువు బొమ్మలూ అంతే. వీటి రంగు, గట్టిదనం, నీరు పీల్చే గుణం మట్టిలోని లోహ ఆక్సైడ్ల మీద, కుమ్మరి ఆవంలో అందిన వేడి మీద ఆధారపడతాయి. ఆవంలోకి ఎంత గాలి పోయిందన్నది కూడా అంతే ముఖ్యం. పాఠ్యపుస్తకాలు ఈ చివరి సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తుంటాయి.

కాలేటప్పుడు మట్టి కణాల మధ్య తడి ముందుగా పోతుంది. మట్టి ఖనిజంలో రసాయనికంగా కట్టుబడి ఉన్న నీరు 450–600 డిగ్రీల మధ్య వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎంత నానబెట్టినా ఆ మట్టి మళ్లీ బురద కాదు. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే కుంచించుకుపోతుంది. ఆవాన్ని తొందరపడి విప్పితే కుండలు బీటలు వారడానికి ఇదొక కారణం. 850 డిగ్రీలు దాటాక సోడియం, పొటాషియం, కాల్షియం ఆక్సైడ్లు సిలికాను కరిగించడం మొదలుపెట్టి మట్టిని గాజుబారుస్తాయి. కట్టెలు, పిడకలు, గడ్డితో కాల్చే ఆవం ఆ స్థాయికి చేరీ చేరకముందే చల్లబడుతుంది కాబట్టి కుండ గోడలో సన్నని రంధ్రాలు మూసుకోవు. వాటిగుండా ఊరిన తడి ఆవిరైపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. అయితే మే నెలలో పల్నాడులోని రెంటచింతల పొడిగాలిలో చల్లబడ్డంతగా చెన్నైలో కూజా నీళ్లు చల్లబడవు. తేమ నిండిన సముద్రపు గాలిలో ఆవిరి సరిగా లేవదు మరి.

మట్టికి రంగునిచ్చే వాటిలో ఇనుముదే పైచేయి. గాలి బాగా ఆడే మంటలో అది హెమటైట్ అనే ఎర్ర ఆక్సైడ్ అవుతుంది. జేగురులో ఉండేదీ ఇదే. 1892లో తెరిచిన మద్రాసు హైకోర్టు భవనపు ఎర్ర ఇటుకల రంగుకు కూడా మూలం ఇదే. గాలి చాలక పొగ కమ్మిన మంటలో కార్బన్ మోనాక్సైడ్ ఆ ఆక్సైడ్‌లోంచి కొంత ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అప్పుడు నల్లని మాగ్నెటైట్ ఏర్పడుతుంది. దానికి తోడు మసి కూడా రంధ్రాల్లో చేరి నలుపును చిక్కబరుస్తుంది. ఆక్సిజన్ తగ్గిన ఇనుము సిలికాను కరిగించడంలో సాయపడుతుంది కాబట్టి పొగమంటలో కాలిన పాత్ర కొంత తక్కువ వేడికే గట్టిపడగలదు.

ఇదంతా ఒకే కుండ మీద చూడాలంటే చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాలి. 1851లో మొదలైన ఈ మ్యూజియంలో తామ్రపర్ణి ఒడ్డున ఉన్న ఆదిచ్చనల్లూరులో అలెగ్జాండర్ రీ 1899–1905 మధ్య తవ్వి తీసిన శ్మశాన వస్తువులు ఉన్నాయి. ఇనుపయుగపు దక్షిణాదిలో ఎక్కడ తవ్వినా కనిపించే ఎరుపు-నలుపు కుండలు అక్కడా దొరికాయి. లోపలి భాగం, అంచు నలుపు. బయట కింది భాగం ఎరుపు. మన నాగార్జునకొండ సమాధుల్లో బయటపడినవీ ఈ రకమే. కుండను ఊక, బూడిదల్లో బోర్లించి కాల్చితే లోపలికి గాలి అందక నల్లబడుతుందని, బయటి వైపు మంట తగిలి ఎర్రబడుతుందని ఒక వివరణ. రెండుసార్లు కాల్చారన్నది మరొకటి. ఏ పద్ధతిలో చేసినా ఇది చేతగాని పనివాడి మచ్చల కుండ కాదు. వందల మైళ్ల మేర, వందల ఏళ్లపాటు రంగుల హద్దు ఇంత నిలకడగా రావాలంటే గాలిని లెక్కగా అదుపు చేయగలిగి ఉండాలి.

మదురై సమీపంలోని కీళడిలో దొరికిన కుండపెంకుల నల్లపూతలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని వేలూరు వీఐటీ పరిశోధకులు ఉన్న బృందం 2020లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ప్రకటించింది. దీన్ని ప్రాచీన నానో విజ్ఞానమంటూ ఊరేగించడం అతి. అవి పూతలోని సేంద్రియ పదార్థం మంటలో మారి ఏర్పడి ఉండాలి. కుమ్మరికి తెలిసింది నిగనిగలాడే, ఊడిరాని నలుపు. అదేమీ తక్కువ విద్య కాదు.

మట్టిలో సున్నపురాయి, గుల్ల ముక్కలు ఉంటే వేరే బెడద. సుమారు 800 డిగ్రీలు దాటితే అవి పొడిసున్నమై, తర్వాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతాయి. ఆవం దిగిన చాలా రోజులకు కూడా పెంకు పెచ్చులూడుతుంది. అందుకే అలాంటి మట్టిని మరీ ఎక్కువ కాల్చకపోవడమే మేలు.

మద్రాసులో మట్టిపనిని శాస్త్రంగా నేర్పే ప్రయత్నం కూడా పాతదే. వైద్యుడైన అలెగ్జాండర్ హంటర్ 1850లో ఇక్కడ కళల పాఠశాల స్థాపించి కుండలు, ఇటుకలు, పెంకుల తయారీని బోధనలో చేర్చారు. నేటి ప్రభుత్వ లలితకళల కళాశాల అదే.

ఆక్సైడ్ల సాయంతో తక్కువ వేడికే గట్టిపరచే సూత్రం ఎలక్ట్రానిక్స్‌కూ పాకింది. సర్క్యూట్లకు ఆధారంగా వాడే అల్యూమినా పలకలను 1600 డిగ్రీల దాకా కాల్చాలి. కానీ తీగలకు వాడే వెండి 961 డిగ్రీలకే కరుగుతుంది. సిరామిక్‌లో బోరాన్ ఆక్సైడ్ వంటివి ఉన్న గాజును కలిపి 850–900 డిగ్రీలకే కాలేలా చేస్తే పొరల మధ్య గీసిన వెండి తీగలు చెక్కుచెదరవు. రాడార్లు, ఫోన్లలోని కొన్ని సర్క్యూట్లు ఇలాగే తయారవుతాయి.

ఇక మట్టిపాత్రల రంధ్రాలు మూసే మెరుపుపూత సంగతి. తక్కువ వేడిలో గాజుపూత కరగాలంటే సీసం ఆక్సైడ్ కలపడం అన్నిటికన్నా సులువైన దారి. అది 888 డిగ్రీలకే కరుగుతుంది. ఆ పూతలో రాగి పచ్చరంగును, కోబాల్టు నీలాన్ని, మాంగనీసు గోధుమ, ఊదా ఛాయలను ఇస్తాయి. చిక్కేమిటంటే, సరిగా కుదరని సీసం పూతలోంచి పులుపు ఆ విషాన్ని బయటికి లాగుతుంది. అందులో రాగి కూడా ఉంటే సీసం మరింత ఊరుతుంది. ఆవకాయ జాడీకి ఈ బెడద లేదు. అది 1200 డిగ్రీల దరిదాపుల్లో కాలి, లోపలిదాకా గట్టిపడిన వేరే జాతి. సీసం లేదని తేలితే తప్ప, మెరుపుపూత వేసిన రంగుల మట్టిపాత్రల్లో పులుసు, పెరుగు, నిమ్మరసం నిల్వ పెట్టకూడదు.