మద్యవిముక్తి సహాయసభలు, కటవారియా సరాయ్

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ ప్రాంగణమునకు చేరువనున్న కటవారియా సరాయ్, పోటీపరీక్షలకై దూరప్రాంతముల నుండి వచ్చిన విద్యార్థులు ఇరుకుగదులలో ఏకాకులై కాలము గడపు పేట. అట్టి ఏకాంతమున మద్యమునకు వశుడైన యువకునకు, అదే వ్యథననుభవించి బయటపడినవారి సాంగత్యము గొప్ప ఆశ్రయము కాగలదు.

అట్టి సాంగత్యమునకు మూలమైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ స్థాపించిరి. 1957లో అది భారతదేశమున వేళ్లూనెను. త్రాగుడు మానవలెనను కోరిక తప్ప సభ్యత్వమునకు వేరొక అర్హత లేదు, రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. మాటాడువాడు తన అనుభవమునే నివేదించును గాని యెదుటివానికి తీర్పు చెప్పడు. ఈ నియమమే ఈ సభలకు జీవగఱ్ఱ. క్రొత్తవాడు మౌనముగా విని లేచిపోయినను తప్పు లేదు. బహిరంగసభలకు బంధుమిత్రులును రావచ్చును. ఆంతరంగికసభలు మద్యపీడితులకే పరిమితములు. కుటుంబీకులకు 1951లో ఏర్పడిన అల్-అనాన్ వేరుగా కలదు.

సభాస్థలములు, వేళలు మారుచుండును గావున, బయలుదేరుటకు ముందే సంస్థవారి నడిగి, సభ యే భాషలో జరుగునో కూడ తెలిసికొనవలెను. తెలుగువారి సభలలో అంతర్జాలము ద్వారా పాల్గొను వీలు కలదేమో విచారించుట మేలు.

చిరకాలము మితిమీరి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలు, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును. అట్టివాడు సభతోపాటు వైద్యుని తప్పక ఆశ్రయింపవలెను. ఎయిమ్స్‌కు చెందిన జాతీయ వ్యసన చికిత్సాకేంద్రము ఘాజియాబాద్‌లో నున్నది. ప్రభుత్వ ఉచిత సహాయవాణి సంఖ్య 14446.